అక్క కోసం బిగించిన పడక: జనగామ వ్యానులో మహదేవపూర్ దాకా

పాత వ్యాను కొని, అందులో పడక, పొయ్యి, ఫ్యాను బిగించుకుని ఊళ్లు తిరగాలని ఇప్పుడు చాలామందికి కోరిక. ఏ చెక్క వాడాలి, ఎంత బ్యాటరీ పెట్టాలి అని నన్ను అడుగుతుంటారు. నేను ఆ పని మొదటిసారి చేసింది ఎనభైల్లో, అదీ విహారం కోసం కాదు. మహబూబాబాద్‌లో, అంటే మేమనే మానుకోటలో, మా అక్క అటక నిచ్చెన మీంచి పడి నడుము దెబ్బ తీసుకుంది. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసేది. పడుకుంటే బాగానే ఉండేది. కూర్చుంటే మాత్రం ప్రాణం మీదికి వచ్చేది. ఆ ఏడే ఆమె ఒక్కగానొక్క కూతురు పద్మకు మహదేవపూర్‌లో, అత్తవారింట్లో తొలి కాన్పయింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. తల్లే మంచం మీదుంటే ఎవరు చేస్తారని వాళ్లు పిల్లను పంపలేదు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేకపోవడమే అక్కను ఎక్కువ బాధపెట్టింది. వెళ్లి బిడ్డను, మనవరాలిని చూసి రావాల్సిందేనని పట్టుబట్టింది. పడుకోబెట్టి తీసుకుపోవచ్చు గాని, కుదుపులకు కాలు తిమ్మిరెక్కితే అక్కడి నుంచే వెనక్కి తిప్పమన్నాడు డాక్టరు. అలా తిరిగొస్తే ఇక ఏ ప్రయాణమూ అడగొద్దని బావ షరతు పెట్టాడు. అక్క సరేనంది.

మాకు జనగామలో కిరాణా హోల్‌సేలు దుకాణం ఉండేది. సరుకు వేయడానికి ఒక పాత డీజిల్ వ్యాను ఉండేది. బండి తోలడం, బాగుచేసుకోవడం నా పని, దుకాణం మా అన్నది. అరవై తొమ్మిది ఉద్యమంలో బడులు మూతపడితే, తెరిచేదాకా ఊరికే ఎందుకని నాన్న అన్నను గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టాడు. అన్న మళ్లీ లేవలేదు. చావు పరామర్శకు వెళ్లినా ఆ ఊళ్లో కందిపప్పు ధర కనుక్కుని వచ్చే మనిషి. మంచివాడే, కాకపోతే ఆ మంచితనం కూడా తక్కెడలో తూగాల్సిందే.

బండి సిద్ధం చేయడానికి నాకు పది రోజులు పట్టింది. ముందు కమాన్లు, అంటే కుదుపును ఆపే ఉక్కు స్ప్రింగు పట్టీలు, విప్పి తుప్పు గీకి, పట్టీల మధ్య గ్రీజు రాసి, బోల్టులు బిగించాను. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి, పరుపు సంగతి తర్వాత. పడకను వెనక చక్రాల మీద కాకుండా బండి నడుమకు జరిపాను, కుదుపు అక్కడే తక్కువ. ఇంట్లో విరిగిన మంచం చట్రానికి నవారు బదులు పాత సైకిల్ ట్యూబులు కోసి అల్లాను. టీ పెట్టెల చెక్కతో పక్కలు కట్టాను. కిటికీకి దోమతెర, అడ్డంగా పరదా, కాళ్ల దగ్గర కుళాయి ఉన్న నీళ్ల డ్రమ్ము, దాని పక్కన కిరోసిన్ స్టవ్ పెట్టె, తల దగ్గర బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను. కొత్తగా కొన్నది ఆ ఫ్యాను ఒక్కటే. ముందు క్యాబినుకూ వెనక భాగానికీ మధ్య రేకు ఉంది కాబట్టి, అక్కకు ఏదైనా కావాలంటే లాగడానికి తాడు కట్టి మా తలల పైన చిన్న గంట వేలాడదీశాను. దాన్ని చూసి నాకే ముచ్చటేసింది.

ఇక మిగిలింది బరువు. సరుకు బండి ఖాళీగా ఉంటే ఎగిరెగిరి పడుతుంది, వెనక బరువుంటే కమాన్లు వంగి మెత్తగా నడుస్తుంది. ఇసుక బస్తాలు వేద్దామన్నాను. అన్న మొహం అదోలా పెట్టాడు.

“ఇసుక మోసుడేందిరా? మనింట్ల అసుంటి పని ఎవడన్న చేసిండా? దొడ్డుప్పు ఏద్దాం. బరువుకు బరువు, మహదేవ్‌పూర్ల దింపితే సరుకుకు సరుకు.”

బండి ఖాళీగా తోలడం, అమ్మకానికి రానిది మోయడం మా ఇంటావంటా లేదు. ఉప్పయినా ఇసుకయినా కమాన్లకు ఒకటే కదా అని నేనూ ఊరుకున్నాను. పడకకు వెనక, తలుపు దగ్గర ఉప్పు బస్తాలు పేర్చాం.

తెల్లవారకముందే అన్నా నేనూ జనగామలో బయల్దేరి పాలకుర్తి, తొర్రూరు మీదుగా దుకాణాలు తెరిచే వేళకు మానుకోట చేరాం. బావా నేనూ కలిసి అక్కను పడక మీదికి చేర్చాం. ఇంటి దగ్గరే ఉండిపోయిన బావ తలుపు వేస్తూ షరతు మరోసారి గుర్తుచేశాడు. నర్సంపేట దాకా దారి పరవాలేదు. టైర్లలో గాలి కొంచెం తగ్గించి నింపాదిగా నడిపాను. ములుగులో భోజనానికి ఆగాం. అప్పట్లో ప్లేటు మూడు రూపాయలు. హోటల్లో వంట చేసే ఆమె బండిలోకి తొంగిచూసి, “పండుకోని తింటదా? అయితే పులుసు వద్దు, మీద పడతది. పెరుగన్నం మెత్తగ కలిపిస్త,” అంది. అక్క నాలుగు ముద్దలు తిని చాలంది.

ఆగినచోటల్లా నేను వెనక్కి వెళ్లి “ఎట్లుందక్కా?” అని అడగడం, ఆమె పైకప్పు వంక చూస్తూ “మంచిగనే ఉన్న, నడువు” అనడం. గంట ఒక్కసారీ మోగలేదు. నా పనితనం ఫలించిందని లోలోపల పొంగిపోయాను. భూపాలపల్లిలో, అప్పటికి అది జిల్లా కాదు, బొగ్గు లారీల వెనక బండి ఆపి చక్రాల నట్లు మళ్లీ బిగించాను. కొంత దూరం నడిచాక అవి తప్పకుండా వదులవుతాయి, ఈ పని మరవకండి.

కాటారం చేరేసరికి అక్కడ అంగడి రోజు. రేడియేటరు వేడెక్కడంతో నేను డబ్బా పట్టుకుని చేదబావికి వెళ్లాను. అక్కడ వరుస కట్టి ఉన్నారు. నీళ్లతో తిరిగొచ్చేసరికి బండి వెనక తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆఖరి ఉప్పు బస్తాను ఒకాయన వీపున వేసుకుని వెళుతున్నాడు. అన్న రుమాలుతో మెడ తుడుచుకుంటూ తృప్తిగా నిలబడి ఉన్నాడు.

“నా కాళ్లకాడనే అంగడి పెట్టిండు మీ అన్న,” అంది అక్క పడక మీంచి.

నాకు ఒళ్లు మండింది. “ఉప్పు ఎందుకేసినమో యాది మరిచినవా?”

అన్న నిజంగానే అప్పుడు గుర్తొచ్చినట్టు చూశాడు. “అడిగి మరీ కొంటుంటె కాదంటమారా? ఇంకెంత దూరముందని.”

ఉన్న దూరం తక్కువే గాని, దారి చెడ్డది. చీకటి పడితే ఆ అడవి దారిలో ఆ రోజుల్లో ఎవరూ బండ్లు తిప్పేవారు కాదు. గొడవకు సమయం లేక బయల్దేరాం. ఊరు దాటగానే బండి గుణం మారిపోయింది. ఎంత మెల్లగా పోయినా ప్రతి గుంటకూ వెనక భాగం ఎగిరి దబ్బున పడుతోంది. ఒక కల్వర్టు దగ్గర నా తలపై గంట మోగింది.

పరుగెత్తి వెళ్లి తలుపు తీశాను. అక్క రెండు చేతులతో చట్రం పట్టుకుని ఉంది, పెదవి కొరుక్కుంది. కాలు తిమ్మిరెక్కిందా అని అడిగాను. “ఇంక ఎక్కలే. ఇసొంటిదే ఇంకోటి తాకితే ఏమో,” అంది. అన్న నా వెనకే వచ్చి చూశాడు. ఆమెకు వినపడకుండా, “తిప్పురా, బావకు మాటిచ్చినం,” అన్నాడు. వాగు నుంచి ఇసుక తెద్దామన్నాను. తేవడానికి సంచులేవి? ఉప్పుతో పాటు గోనెలూ అమ్మేశాడు. తిప్పితే అక్క మళ్లీ మానుకోట ఇంటి గడప దాటదు. తిప్పకపోతే ఆ కాలు ఏమవుతుందో. ఏం చేయాలో తోచక స్టీరింగు మీద చేతులు వేసి కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది.

అంతలో కాటారం వైపు నుంచి పదిమంది దాకా లంబాడా ఆడామగా కొడవళ్లు, మూటలతో నడిచొచ్చారు. వాళ్లలో పెద్దామె ముందుకొచ్చింది. ఆమె పేరు ద్వాలి అని తర్వాత తెలిసింది. వాళ్లది మానుకోట దగ్గరి తండానే.

“అన్నా, మహదేవ్‌పూర్ దిక్కు పోతున్నరా? కోతలకు పోతున్నం. అంగడి బస్సు నిండి మమ్ముల ఎక్కించుకోలే. పొద్దు గూకుతున్నది, జర ఎక్కించుకోరాదు.”

“మేము ముందుకు పోతలేం. లోపల పండుకున్న మనిషున్నది, జాగ లేదు,” అన్నాడు అన్న.

“ఎవరన్నరు పోతలేమని?” వెనక నుంచి అక్క గొంతు గట్టిగా వినిపించింది. “ఎక్కనియ్యి వాళ్లను. నా కాళ్లకాడ ఉప్పు పోయిన జాగ ఉన్నది.”

వాళ్లు మూటలు ఒళ్లో పెట్టుకుని ఎక్కారు. చోటు చాలక కొందరు డ్రమ్ము మీద, కొందరు స్టవ్ పెట్టె మీద కూర్చున్నారు. బండి కదిలిన నాలుగు గజాలకే నాకు అర్థమైంది. కమాన్లు వంగాయి. మొదటి గుంటను బండి మెత్తగా దిగి ఎక్కింది. రేకు అవతల నుంచి మాటలు మొదలయ్యాయి. మానుకోటలో ఎక్కడ ఉంటవు, పడింది ఎప్పుడు, బిడ్డకు ఎవరు పుట్టిన్రు అని ద్వాలి అడుగుతోంది. తన కోడలి కాన్పు చేలో ఎలా అయిందో చెబుతోంది. వాళ్ల భాషలో తల్లిని యాడి అంటారు, అక్కను అలాగే పిలిచింది. దారి సగమయ్యేసరికి అక్క నవ్వు వినపడింది. మానుకోటలో ఎక్కినప్పటి నుంచి ఆమె గొంతు అంత హుషారుగా విన్నది అదే మొదటిసారి.

దీపాలు పెట్టే వేళకు పద్మ అత్తగారి వాకిట్లో ఆగాం. ద్వాలి ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుంటే అక్క దిగి, కర్ర ఊతంతో తనే గడప దాటింది. పద్మ బాలింత, లేవకూడదని అందరూ అంటున్నా లేచొచ్చింది. పిల్లను అక్క పక్కలో పడుకోబెట్టారు.

తిరుగు ప్రయాణం ముందు రోజు అన్న తనే వెళ్లి గోదారి ఇసుక సంచులకెత్తి బండిలో వేశాడు, దాని ధర ఎంతని ఎవరినీ అడగలేదు. నేను ట్యూబులు బిగిస్తుంటే అక్క అరుగు మీద పడుకుని చూస్తోంది.

“కుదుపుకు నేను భయపడలేరా,” అంది. “నీ పని మంచిగనే ఉన్నది. పండవెట్టి, పరదా ఏసి, తలుపు మూసి మీరిద్దరు ముందట కూసున్నరు. మానుకోట సంది కాటారం దాంక నన్ను కాటికి తీస్కపోతున్నట్టే అనిపించింది. వాళ్లెక్కినంక, బిడ్డ కాడికి పోతున్న అనిపించింది.”

అన్ని సౌకర్యాలు అమర్చిన నాకు, పిలవడానికి గంట కట్టిన నాకు, ఆమె పక్కన ఒక మనిషి ఉండాలని తోచనేలేదు. ఆ మధ్యాహ్నమే డ్రమ్మును, స్టవ్ పెట్టెను విప్పి పద్మ వాళ్ల దొడ్లో పెట్టేశాను. వాటి చోట ఒక పలక బిగించి దాని మీద గోనె పరిచాను. మర్నాడు మానుకోట దాకా అన్న ఆ పలక మీదే కూర్చున్నాడు. దారి పొడవునా వాళ్లిద్దరూ ఏదో దెబ్బలాడుకుంటూనే ఉన్నారు. ఆ మరుసటేడు మళ్లీ ఎప్పుడు తీసుకుపోతావని అక్కే కబురు పెట్టింది, బావ అడ్డు చెప్పలేదు.

తర్వాత ఎందరికో బండ్లు సిద్ధం చేసిచ్చాను. మంచి పరుపులు, మంచి ఫ్యాన్లు వచ్చాయి, దారులూ బాగుపడ్డాయి. అయినా ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఒకటే. మీ బండిలో పడకకు కొలత తీసుకునేటప్పుడే, దాని పక్కన ఇంకో మనిషి మోకాళ్లు తగలకుండా కూర్చునేంత జాగా వదలండి. ఫ్యాను తర్వాతయినా బిగించుకోవచ్చు.