మాస్టారి కుడికాలు

డ్రైవింగ్ నేర్పే మాస్టారి ప్రాణమంతా కుడికాల్లోనే ఉంటుంది. స్టీరింగేమో నేర్చుకునేవాళ్ల చేతుల్లో ఉంటుంది, తన వైపున్న రెండో బ్రేకు మాత్రం ఆయన పాదం కింద ఉంటుంది. రోజంతా నొక్కీ నొక్కీ అలవాటైపోయిన ఆ కాలు ఇంటికొచ్చినా ఊరుకోదు. సోఫాలో కూర్చుంటే నేలని తొక్కుతుంది, నిద్రలో దుప్పటిని తన్నుతుంది. "కలలో కూడా బ్రేకేనా మహానుభావా!" అని భార్య విసుక్కుంటుంది.

నిన్న సాయంత్రం కూతురు బలవంతపెడితే ఆయన దాని వీడియోగేము ఆడారు. అందులో ఒక ఫైరింజను దొంగిలించి, అడ్డొచ్చిన కార్లన్నీ ఎగరగొట్టుకుంటూ, పోలీసు హెలికాప్టర్లు తరుముతుంటే కొండమీదికి పోనిచ్చారు. అంచు దగ్గర "నాన్నా, బ్రేకు!" అని కూతురు కేకేసింది. ఆయన వినలేదు. అంత పెద్ద బండీ ఆకాశంలోకి లేచింది. కింద ఊరు ఊరంతా దీపాలతో, ఆ పక్కన సముద్రం బంగారంలా మెరిసిపోతూ కనిపించాయి. ఈ గోలేమిటని గరిటె పట్టుకుని తిట్టడానికొచ్చిన భార్య, నేలవైపు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆయన కుడికాలు నేలకి జానెడు ఎత్తున, ఉయ్యాల్లో పసిపిల్లాడి కాలిలా, హాయిగా ఊగుతోంది.

"అరవకే," అంది కూతురితో మెల్లగా. "పోనీ ఆయన్ని."