గుడి అని రాసిన చోట

1946 జూన్ 3, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు కన్నడ సీమలో వర్తూరు అవతల, తెలుగు మాట్లాడే ఒక చిన్న పల్లెలో సర్వే గొలుసు దించాను. సర్వేయరుగా ఒంటరిగా చేపట్టిన మొదటి పని అది. మా వంశంలో డిగ్రీ పుచ్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. కాగితం మీద ఉన్నదే సత్యమని గట్టిగా నమ్మే రోజులవి.

ఆ పల్లెలోని పాత చర్చిని సర్కారు భూమి ఆక్రమించి కట్టారని ఫిర్యాదు. అది నిజమని నేను తేలిస్తే గోడలు పడగొడతారు. పాత కొలతల పుస్తకంలో ఆ స్థలం దగ్గర చర్చి ఊసే లేదు. 'గుడి' అని కన్నడంలో రాసి ఉంది. కన్నడంలోనూ తెలుగులోనూ మాట ఒకటే కనుక, అక్కడొక దేవాలయం ఉండేదని, చర్చి తర్వాత వచ్చిందని అనుకున్నాను.

గుడి ఎక్కడని ముగ్గురిని అడిగితే ముగ్గురూ చర్చినే చూపించారు. వేళాకోళం చేస్తున్నారనుకున్నాను. చర్చి వాకిలి ఊడుస్తున్న మరియమ్మ అనే ముసలామె చీపురు ఆపింది.

"ఎదురుగ్గా పెట్టుకోని గుడి యాడుండాది అంటావేందప్పా! అంత లావు కండ్లద్దాలు దేనికి?"

అది చర్చి కదా అన్నాను.

"మీ కచేరీలో అంటారేమో. మా తాత సున్నం మోసి కట్టిన కాడ్నించీ మాకిది గుడే. నా పెండ్లీ ఈ గుడిలోనే అయింది. మా ఆయన్నడుగు, ఇంకా మర్సిపోలేదు పాపం!"

చుట్టూ చేరినవాళ్లందరూ నవ్వారు, నేను కూడా. అయితే మా శాఖలో నవ్వు సాక్ష్యం కాదు. పొలిమేర రాయి నుంచి గుడి మూలకు తొమ్మిది గొలుసుల నాలుగు అణాలని పుస్తకం చెబుతోంది. మా గొలుసు ముప్పై మూడు అడుగులు, అందులో పదహారో వంతును అణా అంటాం. ఊరివాళ్లు ముళ్లకంప నరికి రాయిని బయటపెట్టారు. కొలిచాను. తొమ్మిది గొలుసుల నాలుగు అణాల దగ్గర చర్చి పునాది మూల తగిలింది. నియమం ప్రకారం మూల నుంచి రాయి దాకా తిరుగు కొలత తీశాను. అదీ కలిసింది. పొడవు, వెడల్పు కూడా సరిపోయాయి. పుస్తకంలోని గుడి ఈ చర్చే; పాత కొలతల నాటికే ఇక్కడ ఉంది కనుక ఆక్రమణ కాదు.

ఆదివారం కాకపోయినా మరియమ్మ భర్త వెళ్లి గంట కొట్టాడు. పొలాల్లో ఉన్నవాళ్లు పరుగున వచ్చారు.

"ఇప్పుడు కనపడిందా అప్పా గుడి?" అంది మరియమ్మ.

కనపడిందని ఒప్పుకున్నాను.

నా నివేదికతో ఫిర్యాదు కొట్టివేశారు. పై అధికారి అనుమతితో, పుస్తకంలో 'గుడి' పక్కన 'అనగా చర్చి' అని రాసి సంతకం చేశాను. ఆ తర్వాత ఏ పల్లెకు వెళ్లినా, గొలుసు దించే ముందు అక్కడివారు దేన్ని ఏమని పిలుస్తారో అడిగి రాసుకునేవాణ్ణి.