అక్క పెళ్లి ఫ్లెక్సీ

ఆ ఏడాది నాకు పిచ్చి పట్టిందని మా ఇంట్లో అందరూ తీర్మానించారు. నేను కూడా కాదనలేదు. డిగ్రీ అయిపోయాక తెనాలిలో ఒక టిఫిన్ సెంటర్ మేడ మీద నడిచే గ్రాఫిక్ డిజైన్ క్లాసులో చేరాను. పొద్దున్నే రేపల్లెలో ప్యాసింజరు ఎక్కడం, తెనాలిలో దిగి పరుగులు పెట్టడం, కింద నుంచి దోసెల వాసన కమ్ముకొస్తుంటే పైన ఆకలితో గీతలు గీయడం, ఇదీ నా దినచర్య.

మొదట్లో మా సార్ కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. నల్ల కాగితాన్ని చిన్న చిన్న చదరాలుగా కత్తిరించి, తెల్ల కాగితం మీద అటూ ఇటూ జరిపి చూడమన్నారు. ఇదేం చదువురా దేవుడా, ఎల్కేజీలో చేరానా అనుకున్నాను. కానీ జరుపుతూ ఉంటే, కాగితం మధ్యలో ఉన్న చదరం నిద్రపోతున్నట్టు, మూలకు తోస్తే పారిపోబోతున్నట్టు కనిపించింది. రెండు చదరాలు దగ్గరగా పెడితే గుసగుసలాడుకుంటున్నాయి. దూరంగా పెడితే అలిగాయి. నాకు నవ్వాగలేదు. క్లాసంతా నా వైపు చూస్తున్నా పగలబడి నవ్వాను.

ఆ రోజు నుంచి నా కళ్లకు విశ్రాంతి లేదు. రైల్లోంచి కనిపించే ప్రతి బోర్డూ నాతో గొడవకొచ్చేది. మెడికల్ షాపు బోర్డు మీద అక్షరాలు గోడ చివరికొచ్చేసరికి చోటు చాలక ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఎరువుల కొట్టు ప్రకటనలో తొమ్మిది రకాల రంగులున్నాయి గానీ కొట్టు పేరు మాత్రం కనపడదు. ఇంటికొచ్చి ప్లేట్లో ఇడ్లీలను ఎడమ అంచుకు వరసగా సర్దుకుని, చట్నీకి తగినంత దూరం వదిలి, దూరం నుంచి ఒక కన్ను మూసి చూసేదాన్ని.

"చల్లారిపోతున్నాయే, ముందు తిను. తర్వాత హారతిద్దువుగాని" అనేది అమ్మ.

సార్ చెప్పినవాటిలో రెండు సంగతులు నా తలకెక్కాయి. ఒకటి, చూసేవాళ్ల కన్ను ముందుగా ఎక్కడ పడాలో గీసేవాళ్లే నిర్ణయించాలి. రెండోది ఖాళీ చోటు. దాన్ని వైట్ స్పేస్ అంటారు. "బొమ్మని పెట్టినట్టే ఖాళీని కూడా మనమే పెట్టాలమ్మా. మిగిలితే వదిలేసేది కాదది" అన్నారు సార్. ఆహా అనుకున్నాను. మా జిల్లాలో ఇంతవరకూ ఎవరికీ తెలియని రహస్యమేదో నా చెవిలో ఊదినట్టు పొంగిపోయాను.

సరిగ్గా అప్పుడే బాపట్లలో ఉండే మా పెద్దమ్మ కూతురికి పెళ్లి కుదిరింది. పెళ్లి ఫ్లెక్సీ చేసే పని నాకప్పగించారు. అప్పగించారనకూడదేమో. నేనే లాక్కున్నాను.

మా వైపు పెళ్లి ఫ్లెక్సీ అంటే చుట్టాలందరికీ హాజరు పట్టీ. తాతలూ నాయనమ్మలూ పైన గుండ్రాల్లో ఉండాలి. కుర్రకారు కింద వరసలో నల్ల కళ్లద్దాలతో, చెవి దగ్గర ఫోనుతో ఉండాలి. పోయినవాళ్లకు కూడా దండ వేసి చోటివ్వాలి. మేనమామది మాత్రం పైన కుడి పక్క, అందరికంటే పెద్ద ఫొటో. ఎందుకంటే పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపంలోకి మోసుకొచ్చేది ఆయనే. ఇంతమంది సర్దుకున్నాక కూడా ఎక్కడన్నా అరచెయ్యంత జాగా మిగిలితే ప్రెస్సు ఆయన సొంత ఖర్చుతో ఒక నెమలిని దింపుతాడు.

నేను ఇదంతా ఒక్క దెబ్బకు ఊడ్చేశాను. అక్కా, పెళ్లికొడుకూ సూర్యలంకలో తీయించుకున్న ఫొటో ఒకటి ఉంది. అక్క పైకి చూసి నవ్వుతోంది. ఆ ఇద్దర్నీ కింద ఎడమ పక్కన పెట్టాను. పక్కనే పేర్లు, ముహూర్తం. మిగతా అంతా సముద్రం మీది పొద్దుటి ఆకాశం, లేత నీలం. ఒక్క చుట్టం లేడు, ఒక్క పువ్వు లేదు. కుర్చీలోంచి లేచి ఆ బొమ్మ ముందు గిరగిరా తిరిగాను. అటు బాపట్ల ప్రెస్సుకూ ఇటు మా చుట్టాల వాట్సాప్ గ్రూపుకూ ఒకేసారి పంపించేశాను.

ముందు ప్రెస్సు ఆయన ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, ఫైలు సగమే వచ్చినట్టుందే?"

"లేదు బాబాయ్ గారూ, అంతేనండి."

"మరి ఈ కుడిపక్కంతా?"

"ఖాళీ అండి."

"ఖాళీ అని నాకూ కనపడుతోందమ్మా. ఏం పెట్టమంటావని అడుగుతున్నా. మంచి నెమళ్లున్నాయి నా దగ్గర."

నెమలి పెడితే పెళ్లికి ఫ్లెక్సీయే ఉండదని బెదిరించి ఫోన్ పెట్టేశాను. ఈలోగా పెద్దమ్మ ఫోన్ మోగడం మొదలైంది. రేపల్లె బాబాయి "నా ఫొటో తీసేశారేంటి వదినా?" అన్నాడట. గుంటూరు అత్తయ్య "మాతో ఏమన్నా మాట తేడా వచ్చిందా?" అని కళ్లనీళ్లు పెట్టుకుందట. ఎవరికి వాళ్లు ఆ ఖాళీలో తమ కుర్చీ తీసేసిన గుర్తే చూశారు. తన పక్కవాడి ఫొటో కూడా లేదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఊళ్లో ఖాళీ స్థలం కనపడితే కబ్జా చేస్తారని విన్నాను గానీ ఆకాశాన్ని కూడా వదలరని అప్పుడే తెలిసింది. నేను మంచం మీద పడి పొట్ట పట్టుకుని నవ్వాను.

తర్వాత మావయ్య ఫోన్ చేశాడని తెలిశాక నవ్వు ఆగిపోయింది.

మా అమ్మకూ పెద్దమ్మకూ ఒక్కడే తమ్ముడు. కర్లపాలెంలో వ్యవసాయం చేసుకుంటాడు, పెళ్లి చేసుకోలేదు. పెద్దమ్మ వాళ్లు బాపట్లకు మారకముందు అక్క కాలేజీ చదువంతా ఆయన ఇంట్లోనే సాగింది. రోజూ బండి మీద బాపట్ల దింపి, సాయంత్రం కాలేజీ గేటు ముందు కాచుకుని తీసుకొచ్చేవాడు. ఈ సంబంధం వచ్చినప్పుడు, పిల్లని అంత దూరం బెంగళూరు పంపడం ఎందుకని ఒక మాట అన్నాడు. దానికి పెద్దనాన్న "కన్నవాళ్లం మేమున్నాంగా" అన్నాడు. అక్కడితో ఆ మాట ఆగిపోయిందని అందరూ అనుకున్నారు.

మావయ్య ఫోన్లో అరవలేదట. "ఫ్లెక్సీ బాగుందక్కా. పైన కుడి పక్క ఖాళీగా ఉంది, నాకర్థమైందిలే. బుట్ట మొయ్యడానికి ఎవర్నన్నా చూసుకోండి" అని పెట్టేశాడట.

పెద్దనాన్నకు కోపమొచ్చింది. పెద్దమ్మకు ఏడుపొచ్చింది. అక్క మాత్రం ఒకటే మాట పట్టుకుంది. "మావయ్య మొయ్యకపోతే నేను బుట్టలో కూర్చోను. వేరే ఎవరన్నా బుట్ట మీద చెయ్యేస్తే లేచెళ్లిపోతాను" అంది. పెళ్లి దగ్గర పడుతోంది. అందరూ కలిసి నా వైపు తిరిగారు. నాకూ ఒళ్లు మండింది. అంత అందమైన ఖాళీని అర్థం చేసుకోలేని మనుషుల మధ్య పుట్టానే అని తిట్టుకుంటూ, ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని కర్లపాలెం బస్సెక్కాను.

మావయ్య వసారాలో కూర్చున్నాడు. కోపంలో ఉన్నా ముందు మజ్జిగ ఇచ్చాడు. నేను తాగేదాకా ఆగి అప్పుడు మొదలుపెట్టాడు.

"ఏంటి, నీ ఖాళీ బొమ్మ పట్టుకొచ్చావా?"

"అది వైట్ స్పేస్ మావయ్యా."

"నీలంగా ఉందిగా."

"ఏ రంగైనా అలాగే అంటారు. ఖాళీ ఉంటే చూసేవాళ్లకు ఊపిరాడుతుంది. విస్తట్లో కూడా అన్నీ ఒకదాని మీద ఒకటి పోసెయ్యంగా?"

"పొయ్యం. అలాగని మనిషిని పంక్తిలో కూర్చోబెట్టి ఖాళీ విస్తరి కూడా వెయ్యం."

మావయ్య ఫోన్ తీసి నా చేతికిచ్చాడు. అందులో స్టూడియోలో తీయించుకున్న ఫొటో ఉంది. పట్టు పంచె, భుజాన కండువా, కొత్తగా నల్లబడిన జుట్టు. వెనక నీలం తెర. గడ్డం కాస్త ఎత్తి, నవ్వాలో వద్దో తేల్చుకోలేని మొహం.

"సంబంధం ఖాయమైన మర్నాడే బాపట్ల వెళ్లి తీయించుకున్నా. ఫ్లెక్సీకి అడుగుతారు కదా అని. ఎవరూ అడగలా" అన్నాడు.

దారి పొడవునా తయారు చేసుకున్న వాదనలన్నీ మజ్జిగతో పాటే దిగిపోయాయి. ల్యాప్‌టాప్ తెరిచి, ఆ ఫొటోను కుడి పక్క ఆకాశంలో పెట్టాను. ముందు ఆచారం ప్రకారం అందరికంటే పెద్దగా పెట్టాను. అక్క మొహం కంటే మావయ్య మీసం పెద్దదైంది. ఆయనే అదిరిపడ్డాడు.

"ఓట్లడగడానికి వచ్చినట్టుందే!"

కొంచెం తగ్గించాను. ఇంకొంచెం తగ్గించాను. "ఇంకా తగ్గిస్తావేంటే, ఆవగింజని చేస్తావా నన్ను?" అని చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుని మరీ తగ్గించాను. వెనక నీలం తెర చెరిపేశాను. చివరికి అంత పెద్ద ఆకాశంలో చిటికెన వేలంత మనిషి, పట్టు పంచెతో ఒంటరిగా నిలబడ్డాడు. మావయ్య దిగాలుగా తల తిప్పుకున్నాడు.

అంతలో పక్కింటి పిన్ని పాలల్లోకి తోడు కోసమని గిన్నె పట్టుకొచ్చింది.

"పిన్నీ, ఇటొకసారి చూడు. ముందు ఎవరు కనపడ్డారు?" అన్నాను.

"ఇంకెవరు, మీ మావయ్య. అంత ఖాళీలో ఒక్కడే ఉంటే కనపడడా ఏంటి? ఓహో, ఇక్కడ పెళ్లికూతురు కూడా ఉందే!"

మావయ్య మెల్లగా ఇటు తిరిగాడు. "నిజంగానే ముందు నేనే కనపడ్డానా?" అని అడిగాడు. పిన్ని తలూపింది. ఆయనకు నమ్మకం కుదరలేదు. రోడ్డున పోయే పాలాయన్ని పిలిచాడు. పొలం నుంచి వస్తున్న ఎదురింటి పెద్దాయన్ని పిలిచాడు. అందర్నీ ఒకే ప్రశ్న అడిగాడు. అందరూ ఆయన్నే చూపించారు. నేను వసారాలో గెంతుతున్నాను. సార్ చెప్పిన పాఠం కర్లపాలెంలో, గేదెల మధ్య, పుస్తకంలో రాసినట్టే పనిచేస్తోంది! మావయ్య లేచి కండువా దులుపుకున్నాడు.

"బుట్టతో కలిపి మీ అక్క ఎంత బరువుంటుందంటావు?" అన్నాడు.

నేను కేక పెట్టి ఆయన మెడకు వేలాడాను. నిజానికి ఆ క్షణంలో నా డిజైన్ చచ్చిపోయింది. పెళ్లి ఫ్లెక్సీలో కన్ను ముందుగా పెళ్లికూతురి మీద పడాలి, మేనమామ మీద కాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అలా వదిలేశాను. తర్వాత సార్‌కి చూపిస్తే మార్కులు కోసేశారు. పళ్లికిలించి తీసుకున్నాను.

పెళ్లిరోజు మండపం గుమ్మం దగ్గర నా ఫ్లెక్సీ ముందు మగపెళ్లివారు వరసగా ఆగిపోయారు. "ఈయనెవరండీ, ఏదన్నా పదవిలో ఉన్నారా?" అని ఒక పెద్దమనిషి అడిగాడు. "లేదండి, మా తమ్ముడండి" అంది పెద్దమ్మ, పదవి ఉన్నంత గర్వంగా. రేపల్లె బాబాయి నన్ను పక్కకు లాగి "ఆయనొక్కడేనా?" అని నిలదీశాడు. అందుకూ సిద్ధపడే ఉన్నాను. భోజనాల హాలు ముందు కట్టే రెండో ఫ్లెక్సీని పూర్తిగా ప్రెస్సు ఆయనకే వదిలేశాను. ఆయన పండగ చేసుకున్నాడు. ఒక్క చుట్టాన్నీ వదలకుండా కుక్కి, జలపాతం పెట్టి, రెండు మూలలా రెండు నెమళ్లను దింపాడు. గుంటూరు అత్తయ్యకు ఒక నెమలి తోక కిరీటంలా వచ్చింది. ఆవిడ అక్కడి నుంచి కదిలితే ఒట్టు.

బుట్ట వేళకు మావయ్య ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. వరసకు అన్నదమ్ములంతా సాయానికొస్తే మోచేత్తో తోశాడు. కండువా నడుముకు బిగించి, అక్కతో సహా బుట్ట ఎత్తాడు. మెడ నరాలు పొంగాయి, కాళ్లు వణికాయి, బాజాలు చెవులు బద్దలు కొట్టాయి.

"బరువెక్కానా మావయ్యా?" అంది అక్క.

"మాట్లాడకే, నవ్వొస్తే వదిలేస్తాను" అన్నాడు.

ఇద్దరూ నవ్వారు. బుట్ట ఒక పక్కకు ఒరిగింది, అందరం హాహాకారాలు చేశాం, వదల్లేదు. మండపంలో దించాక గానీ ఆయన కళ్లు తుడుచుకోలేదు. చెమట అన్నాడు. పెద్దనాన్న వచ్చి తన కండువాతో ఆయన మొహం తుడిచాడు.

పెళ్లయ్యాక ఫ్లెక్సీని మావయ్యే చుట్టి ఇంటికి తీసుకెళ్లాడు. అక్క బెంగళూరు వెళ్లిపోయింది. వానలు మొదలయ్యాక ఒకరోజు కర్లపాలెం వెళ్లాను. మా పల్లెల్లో ఏ ఫ్లెక్సీ వృథా కాదు, గడ్డివాములకో కొట్టాలకో కప్పుతారు. బస్సు దిగి నడుస్తుంటే దూరం నుంచే గేదెల కొట్టం మీద లేత నీలం కనిపించింది. ఆ నీలం మధ్యలో పట్టు పంచెతో మావయ్య వానలో తడుస్తున్నాడు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఇంత కష్టపడి ఆకాశంలో నిలబెడితే గేదెల మీద కప్పుతాడా అని విసురుగా లోపలికెళ్లాను.

వసారా గోడకు, ఆయన మంచానికి ఎదురుగా, ఆ ఫ్లెక్సీలో మిగిలిన ముక్క మేకులతో కొట్టి ఉంది. కత్తెరతో కోసినది. పెళ్లికొడుకు భుజం దాకా వచ్చి ఆగింది. అక్క ఒక్కతే పైకి చూసి నవ్వుతోంది.

"అంత గొడవ చేసి ఫొటో పెట్టించుకుని, నిన్ను నువ్వే కోసి పారేసుకున్నావేంటి మావయ్యా?" అన్నాను.

"నేనెందుకే గోడ మీద, ఇక్కడే ఉంటాగా" అన్నాడు మావయ్య. "అది లేదుగా."