స్తంభం నీడ తిరిగిన సాయంత్రం

మన్సూరాబాద్‌లో ఒక కాలనీ గేటు. ఫౌజు నుంచి రిటైరయ్యాక సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా నా మొదటి పోస్టు అదే. ఎల్‌బీ నగర్ మెట్రోలో దిగి, షేర్ ఆటోలో చేరాను. ఎండ మాడుస్తోంది. కిట్టు: వాకీటాకీ, టార్చి, విజిల్. ఆర్డరు: గేటు ముందు గొడవ జరగకూడదు.

ఆర్టిలరీలో నాది అబ్జర్వేషన్ పోస్టు. ఎదుటి కొండ వెనక ఫిరంగి పేలితే, మెరుపు చూసి, చప్పుడు వినబడేదాకా లెక్కపెట్టి, అదెంత దూరంలో ఉందో చెప్పాలి. కాలనీలో ఆ విద్యతో పని పడుతుందని అనుకోలేదు.

ఆ చలికాలం ఒక సాయంత్రం. పొద్దు గూకింది, వీధి దీపాలింకా వెలగలేదు. నేను వెనక గేటు దగ్గరున్నాను. వాకీటాకీలో ముందు గేటు గార్డు కేక.

"సార్, గేటు కాడ లొల్లి అయితాంది. జర జల్ది రాండ్రి!"

రోడ్డు మధ్య ఆటో. దాని వెనక పడిపోయిన స్కూటర్. స్కూటర్ నడిపిన ఆయన, మా కాలనీలో ఉండే కోచింగ్ సెంటర్ లెక్చరర్, మణికట్టు పట్టుకుని కూర్చున్నారు. చుట్టూ జనం. డ్రైవర్ తాగాడని లెక్చరర్, పోలీసుల్ని పిలవమని జనం అరుస్తున్నారు.

"తాగలే సార్, పిల్లల మీద ఒట్టు," అన్నాడు డ్రైవర్. నల్గొండ వైపు మనిషి. "ముందల ఆకాశం తెల్లగ మెరిసింది. గా వెలుగు కుడిచేతి దిక్కు పోయింది. కండ్లు బైర్లు కమ్మినయ్. బ్రేకేసిన."

"ఒక్క మబ్బు లేదండీ, మెరుపెక్కడిది?" అన్నారు లెక్చరర్. "నేనేదో బండి హెడ్‌లైట్ అనుకున్నాను."

లైసెన్సు పోతే డ్రైవర్ ఇల్లు గడవదు. ఇద్దర్నీ గార్డు గదిలోకి తీసుకెళ్లాను. గేటు కెమెరా రికార్డింగు వేయించాను. దానికి ఆకాశం కనబడదు, రోడ్డే కనబడుతుంది. ఆటో వస్తుండగా స్క్రీనంతా తెల్లబడిపోయింది.

"కెమెరా ఖరాబైంది సార్," అన్నాడు గార్డు.

వెనక్కి జరిపి, ఒక్కో ఫ్రేమూ ఆపుతూ చూశాను. తెలుపు తగ్గగానే కరెంటు స్తంభం నీడ రోడ్డు మీద పొట్టిగా పడింది. పడమర వైపు. చూస్తుండగానే ఉత్తరానికి తిరిగి మాయమైంది. హెడ్‌లైటు నేలబారుగా పోతుంది. స్తంభానికి అంత పొట్టి నీడ ఇవ్వదు. నీడ పడమర నుంచి ఉత్తరానికి తిరిగిందంటే, పైన వెలుగు తూర్పు నుంచి దక్షిణానికి పోయినట్టు. ఆటో తూర్పుకే పోతోంది. అతని కుడిచేయి దక్షిణమే.

వీడియో ఆపలేదు. రెండు నిమిషాలు కావస్తుండగా ప్రహరీ గోడ మీద పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. గేటు రేకు అదిరింది.

"లారీ పోయిందనుకున్న," అన్నాడు గార్డు.

"రోడ్డు మీద లారీ లేదు చూడు. అది ఆ మెరుపు చప్పుడు. మూడు సెకన్లకి కిలోమీటరు పోతుంది. ఇంత ఆలస్యంగా వచ్చిందంటే నలభై కిలోమీటర్ల దూరం. ఉల్క అది. ఇక్కడే చంపాపేట్‌లో పడిందని ఎవరైనా అంటే నమ్మకండి."

లెక్చరర్ ఆ నీడను మళ్లీ వేయించుకుని చూశారు. తర్వాత డ్రైవర్ వైపు తిరిగారు.

"నిన్ను తాగుబోతన్నాను. తప్పయ్యా. ఏమీ అనుకోకు."

"పోనియ్ సార్. ముందుగాల దవాఖానకు పోదాం పాండ్రి," అన్నాడు డ్రైవర్.

జనం వెళ్లిపోయారు. ఆ రోజు టీ బాగా రుచించింది.

తర్వాతి వేసవిలో ఆ గేటు డ్యూటీ ముగించుకుని దిల్‌సుఖ్‌నగర్ ఇంటికొచ్చేశాను. ఫౌజులో చూసిన మెరుపులు చాలావరకు మరిచిపోయాను. ఒక్క దృశ్యం మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. దవాఖానకు బయల్దేరిన ఆటో. ముందు సీట్లోంచి డ్రైవర్, వెనక నుంచి చేతికి రుమాలు చుట్టుకున్న లెక్చరర్, చెరో పక్క తల బయటపెట్టి ఖాళీ ఆకాశంకేసి చూస్తున్నారు.