గుడ్డులోకి వెళ్లిపోయిన బాతుపిల్ల

1962 నవంబరులో, చెరుకు కోతలు మొదలైన వారంలోనే, బోధన్ నుంచి కోటగిరి వెళ్లే దారిలో ఉన్న ఒక చిన్న ఊరి బాలవాడిలో నన్ను ఆయాగా వేశారు. అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. బ్లాకు ఆఫీసులో పై నుంచి చూస్తే మొదట అభివృద్ధి అధికారి, ఆయన కింద ఆడవాళ్ల, పిల్లల పనులు చూసే ముఖ్యసేవిక, ఆమె కింద ఊళ్లలో పిల్లలకు ఆటపాటలు చెప్పే బాలసేవికలు, అందరికంటే కింద ఆయాలు. ఊడవడం, నీళ్లు పట్టడం, పాలపొడి కలిపి తాగించడం, ముక్కులు తుడవడం ఆయా పని. దానికి చదువు అక్కర్లేదు. నాకు అది లేదు కూడా.

డిసెంబరులో మా బాలసేవిక కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. ఆయాకు చదవడం వస్తే బాలవాడి నడపవచ్చు, రాకపోతే బాలసేవిక తిరిగి వచ్చేదాకా మూసేయాలి. అదీ నాకు తెలిసిన నియమం. ముఖ్యసేవిక శారదమ్మ గారు కోస్తా జిల్లా నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చారు. ఆమె గుమ్మంలో నిలబడి నన్ను అడిగారు.

"చదవడం వచ్చా, గంగామణీ?"

"అస్తది మేడం," అన్నాను.

ఆ మాట ఎందుకు అన్నానో నాకు స్పష్టంగా తెలుసు. బాలవాడి మూస్తే ఇరవై ముగ్గురు పిల్లలు తల్లుల వెంట చెరుకు తోటల్లోకి వెళ్తారు. చెరుకు ఆకు అంచు చర్మాన్ని కోస్తుంది. కోసిన చెరుకు మొదళ్లు నేల మీద మేకుల్లా నిలబడి ఉంటాయి. కొడవళ్లు ఆడుతున్న చోట రెండేళ్ల పిల్లను ఎక్కడ కూర్చోబెట్టాలో ఏ తల్లికీ తెలియదు. నా ఉద్యోగం సంగతి కూడా మనసులో ఉంది. లేదనను.

హాజరు కాగితం నెలకొకటి వచ్చేది. బాలసేవిక పేర్లు పిలిచే వరుస నాకు కంఠతా వచ్చు. పిల్లలను ఆ వరుసలోనే గోడ వెంట కూర్చోబెట్టి, పై నుంచి కిందికి గీతలు పెట్టేదాన్ని. ఎవరూ పట్టుకోలేదు.

జనవరిలో బస్సు మీద ఒక రేకు పెట్టె దిగింది. అందులో పన్నెండు బొమ్మల పుస్తకాలు. బ్లాకులోని బాలవాడులన్నిటికీ పుస్తకాలు కొనాలని పంచాయతీ సమితి అనుకుంది. కొనేముందు నమూనా పుస్తకాలను ఒక నెల పిల్లల మధ్య ఉంచి, వేటిని సిఫారసు చేయాలో తేల్చి నివేదిక రాయడం ముఖ్యసేవిక పని. రోడ్డు పక్కన ఉందని మా బాలవాడిని ఎంచుకున్నారు.

"రోజుకొకటి చదివి వినిపించు. పిల్లలు మళ్లీ ఏది అడుగుతున్నారో గుర్తుపెట్టుకో. ఫారం నేను వచ్చి నింపుతాను," అని శారదమ్మ గారు చెప్పి వెళ్లారు.

అంతవరకూ మా బాలవాడిలో పుస్తకమే లేదు. చిన్నతనంలో నేను బోధన్‌లో ఒక మున్షీ గారి ఇంట్లో పాచిపని చేశాను. దగ్గర నుంచి చూసిన పుస్తకాలు ఆ ఇంటి ఉర్దూ పుస్తకాలే. వాళ్ల పిల్లలు వాటిని కుడి అట్ట నుంచి తెరిచి చదివేవాళ్లు. పుస్తకమంటే అలాగే తెరవాలనుకున్నాను. ఈ బొమ్మల పుస్తకాలకు రెండు అట్టల మీదా బొమ్మలే ఉన్నాయి. తెలుగు పుస్తకం ఎడమ అట్ట నుంచి మొదలవుతుందని చెప్పేవారు నా పక్కన లేరు. అడిగే వీలు నేనే పోగొట్టుకున్నాను.

మొదట తీసింది బాతుపిల్ల పుస్తకం. మొదటి పేజీలో పిల్ల తల్లి రెక్క కింద వెచ్చగా ఉంది. తర్వాతి పేజీలో బయటికి వచ్చి నీళ్లలో చంద్రుణ్ణి చూసింది. ఆ తర్వాత బర్రె ఎదురైంది, కప్ప ఎదురైంది. పేజీ తిప్పినకొద్దీ పిల్ల ఇంకా చిన్నదవుతూ వచ్చింది. చివరికి పగిలిన పెంకు పక్కన నిలబడింది. ఆఖరి పేజీలో పిల్ల లేదు. పచ్చగడ్డిలో తెల్లటి నిండు గుడ్డు ఒక్కటే ఉంది.

నేను కనిపించిందే చెప్పాను. "లోకమంత తిరిగి తిరిగి అలసిపోయింది. మెల్లగ గుడ్డుల జొచ్చి, తలుపు వెట్టుకొని పండుకుంది."

పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. తర్వాత ఒక్కొక్కరే చాప మీద మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని గుడ్లయ్యారు. పొరుగు రాష్ట్రం నుంచి కోతకు వచ్చిన వాళ్ల పిల్లలకు తెలుగు రాదు, వాళ్లూ ముడుచుకున్నారు. బయట బండ్ల మువ్వలు దూరమవుతున్నాయి. గాలి బోధన్ చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి వీస్తే ఉడికే చెరుకు రసం వాసన వచ్చేది, దానితో పాటు నల్లటి మసి పొరలు తేలివచ్చి పేజీల మీద, పిల్లల రెప్పల మీద వాలేవి. ఇరవై మూడు గుడ్లు ఆ మధ్యాహ్నం మొత్తం కదలకుండా నిద్రపోయాయి.

ఆ నెలంతా మా గదిలో లోకం అలాగే నడిచింది. పెద్ద మామిడి చెట్టు దిగి దిగి మొక్కయి, టెంకయి, ఒక పిల్ల అరచేతిలో పడుకునేది. వాన వాగులోంచి లేచి మబ్బులోకి వెళ్లిపోయేది. రైలు అన్ని ఊళ్లూ తిరిగి షెడ్డుకు చేరి కళ్లు మూసుకునేది. "అజూన్ ఏకదా," ఇంకొక్కసారి, అని మరాఠీ పిల్లలు నా కొంగు లాగేవాళ్లు.

అన్ని పుస్తకాలూ అలా నిలవలేదు. ఒకదాంట్లో పేజీ నిండా అక్షరాలు, మూలన గోరంత బొమ్మ. దాంతో నేనేమీ చెప్పలేకపోయాను. ఇంకొకదాంట్లో కోటు తొడిగిన సింహం ప్రతి పేజీలోనూ వేలు చూపిస్తూ నిలబడేది. దాన్ని రెండోసారి ఎవరూ అడగలేదు. సంత బొమ్మల పుస్తకంలో వందమంది జనం ఉన్నారు. ఐదేళ్ల సాయవ్వ వాళ్లలో తన తల్లిని వెతికి, దొరకలేదని ఏడ్చింది. ఆ పుస్తకాన్ని పెట్టె అడుగున పెట్టేశాను.

ఫిబ్రవరిలో శారదమ్మ గారు వచ్చి చాప మీద మా మధ్య కూర్చున్నారు. నేను బాతుపిల్ల కథ చెప్పాను. ఆమె నా చేతిలోని పుస్తకాన్ని, నా ముఖాన్ని మార్చి మార్చి చూశారు. అయిపోయాక సాయవ్వ ఆమె ఒళ్లోకి పుస్తకం తోసింది. "నువ్ గూడ చెప్పు మేడం."

ఆమె ఎడమ అట్ట తెరిచి మొదలుపెట్టారు. "గడ్డిలో ఒక గుడ్డు ఉందట..."

సాయవ్వ లేచి నిలబడింది. "గట్ల గాదు మేడం! ఉల్టా వట్టినవ్. గుడ్డు ఆఖర్ల అస్తది!"

"మేడంకు సదువు రాదు!" అని వెనక నుంచి ఇంకో గొంతు. గది గొల్లుమంది.

"సిగ్గువడకు మేడం," అంది సాయవ్వ జాలిగా. "మా ఆయమ్మ నేర్పిస్తది."

శారదమ్మ గారు కూడా నవ్వారు. నవ్వు ఆగాక నా వైపు చూశారు.

పిల్లలు పాలు తాగుతుంటే నన్ను వసారాలోకి పిలిచారు.

"నీకు అక్షరాలు రావు కదూ?"

"రావు మేడం."

"మరి వచ్చన్నావే?"

"మూసేస్తమంటిరి గద. పోరగాండ్లు చెరుకుల వడి పోదురు."

"మొదటి రోజే నిజం చెప్పి ఉంటే పై నుంచి ఆర్డరు తెప్పించి బడి పంతులు గారికి ఛార్జి ఇప్పించి ఉండేదాన్ని. ఇప్పుడు ఆ ఆర్డరు వచ్చేదాకా నేను తాళం వేయక తప్పదు."

ఆమె ఫారం తీసి, ఈ నెలలో పిల్లలు ఏవి అడిగారని అడిగారు. నేను పన్నెండు పుస్తకాలనూ మూడు కుప్పలు చేశాను. మళ్లీ మళ్లీ అడిగినవి ఐదు. ఒకసారి విని వదిలేసినవి నాలుగు. వద్దన్నవి మూడు. ఒక్కొక్కటీ ఎందుకో అడిగారు, చెప్పాను. ఆమె ఐదు పుస్తకాలనూ అక్షరాల మీద చెయ్యి అడ్డుపెట్టి మొదట నా వైపు నుంచి, తర్వాత తన వైపు నుంచి తిప్పి చూశారు. "ఇవి ఎటు నుంచి చూసినా అర్థమవుతున్నాయి," అన్నారు తనలో తాను అనుకున్నట్టుగా.

నివేదిక రాసి నాకు చదివి వినిపించారు. ఆయాకు చదవడం రాదని, వచ్చని తప్పు చెప్పిందని మొదటి వాక్యం. పుస్తకాల మీద అభిప్రాయాలు ఆ ఆయావేనని, ఆ ఐదింటినీ సిఫారసు చేస్తున్నానని ఆ తర్వాత. మొదటిది కొట్టేయమని కాళ్లావేళ్లా పడ్డాను.

"అది కొట్టేస్తే నువ్వు బొమ్మలు మాత్రమే చూసి ఏరావన్న సంగతి పోయి, ఈ పుస్తకాలు అక్షరాలు చదివి నేను ఏరినట్టవుతుంది," అన్నారామె. "నేను ఏరలేదుగా."

ఆర్డరు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. తొమ్మిది రోజులూ బాలవాడికి తాళం ఉంది. నాలుగో రోజు సాయవ్వ మడమలో చెరుకు మొదలు దిగింది. ఆ సీజనంతా కుంటింది. ఆర్డరులో బాలవాడి ఛార్జి ప్రాథమిక బడి పంతులు గారికి ఇచ్చారు. నన్ను మందలించి, ఆయాగా ఉంచి, ఏడాదిలోగా చదవడం నేర్చుకోకపోతే తీసేస్తామన్నారు. పిల్లలు నిద్రపోయే వేళల్లో పంతులు గారు నాకు పలక మీద దిద్దించారు. మరుసటి వానకాలానికి బాతుపిల్ల పుస్తకాన్ని అసలు వైపు నుంచి చదివాను. పేజీకి ఆరేడు మాటలే ఉన్నాయి. నేను చెప్పినదేదీ అందులో లేదు. అటు నుంచి చెబితే పిల్లలు నిద్రపోలేదు, వాకిట్లోకి పరుగెత్తి బాతుల్లా అరిచారు. అందుకని పొద్దున అటు నుంచి, మధ్యాహ్నం ఇటు నుంచి చెప్పేదాన్ని.

1970లో బాలసేవికనయ్యాను. తర్వాత పుస్తకాలు ఎంచే పనికి నన్ను చాలాసార్లు పిలిచారు. చదువు వచ్చాక నా కన్ను కూడా ముందు అక్షరాల మీదికే పోయేది. కాబట్టి వాటిని అట్టముక్కతో కప్పి పేజీలు తిప్పేదాన్ని. ఐదేళ్లలోపు పిల్లలకు బొమ్మలతోనే కథ తెలియకపోతే, మాటలు ఎంత బాగున్నా ఆ పుస్తకాన్ని పక్కన పెట్టాను. కొత్తగా చేరే ఆయాలకు ఇంకో సంగతి కూడా చెప్పేదాన్ని. ఏది రాదో అది మొదటి రోజే చెప్పండి అని. నా అబద్ధంతో పిల్లలను కాపాడుతున్నాననుకున్నాను. తాళం పడిన తొమ్మిది రోజులూ చెరుకు మొదళ్ల మధ్య నడిచింది నేను కాదు.