రెండు వేళ్ల లూజు

లూజు మాస్టారు ఎండకు ఓర్చుకుంటారు, ఆకలికి ఓర్చుకుంటారు, చివరికి బావమరిది పాటకు కూడా ఓర్చుకుంటారు గానీ, ఒంటికి బిగిసిన బట్టను మాత్రం ఓర్చుకోలేరు.

నలభై ఏళ్లుగా ఆ వీధిలో ఆయనే దర్జీ. ఎవరేం కుట్టించుకున్నా, రెండు వేళ్లు కలిపి బట్టకూ ఒంటికీ మధ్య దూర్చి చూస్తారు. దూరితే సరే, దూరకపోతే కుట్టు విప్పడమే. అది చాలదన్నట్టు లోపలి కుట్టులో ఇంకో రెండు వేళ్ల గుడ్డ మడిచి దాస్తారు. లూజు అన్న మాటకు ఇంకో అర్థం ఉందని తెలిసే వీధివాళ్లు ఆ పేరు పెట్టారు. ఆ సంగతి మాస్టారికీ తెలుసు. అయినా పిలిస్తే పలుకుతారు.

ఒకసారి ఒక పెళ్లికొడుకు ఫ్యాషన్‌గా, అతికినట్టుండే కోటు అడిగాడు. తీరా తొడుక్కుంటే అందులో అతనితో పాటు మామగారు కూడా పట్టేలా ఉంది.

"ఇదేంటి మాస్టారూ?"

"పెళ్లయ్యాక నువ్వే మెచ్చుకుంటావులే."

రెండేళ్లకు మెచ్చుకున్నాడు కూడా.

లాక్‌డౌన్ వచ్చి కొట్టు మూతపడ్డప్పుడు మాస్టారు ఊరికే కూర్చోలేదు. మిగిలిన ముక్కలతో వీధి అందరికీ మాస్కులు కుట్టి, గుమ్మాలకు తగిలించి వెళ్లారు. అందరూ భయపడ్డట్టే అయింది. మాస్కు పెట్టుకుని "నమస్కారం" అంటే చాలు, అది గడ్డం మీదికి దిగేది. వీధి చివర కాపలా కాసే పోలీసాయన ఇక ఉండబట్టలేక, మాస్టారింటి కిటికీ కింద నిలబడి అడిగాడు.

"లోకమంతా బిగించి కట్టుకోమంటుంటే, తమరేంటండీ?"

"ఊపిరాడాలి కదా బాబూ."

మర్నాటికల్లా అన్ని మాస్కులూ వెనక్కి తీసుకుని, ప్రతి తాడుకూ ఒక ముడి వేసి పంపారు. అప్పటిదాకా బతుకులో ఆయన బిగించిన బట్ట అదొక్కటే. ఆ వారమంతా దిగులుగా ఉన్నారని ఆయన భార్య చెప్పింది.

పదహారు నెలలు గడిచాయి. ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. ఎదురింటి రిసెప్షనిస్టుకు పళ్ల డాక్టరు దగ్గర్నుంచి కబురొచ్చింది, సోమవారం నుంచి రమ్మని. ఆమె బీరువాలోంచి బూడిద రంగు యూనిఫాం కోటు తీసి తొడుక్కుంది. గుండీకీ కాజాకీ మధ్య బెత్తెడు దూరం.

నిజానికి గుండీ ఒక వంక మాత్రమే. ఇన్ని నెలలు కిటికీ దగ్గర కూర్చుని, బిస్కెట్ల డబ్బాతో తప్ప ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడని మనిషి, పదిమందిలోకి ఎలా వెళ్లాలో మర్చిపోయింది. అందరూ తన నడుమే చూస్తారని భయం. కూర్చుని రాజీనామా రాసేసింది, కుటుంబ కారణాల వల్ల అని.

భర్త చదివాడు. "కుటుంబమంటే నేనొక్కణ్ణే కదా. నేనేం చేశాను?"

ఆమె కాగితం లాక్కుని మడిచింది.

"సరే, ఇచ్చేద్దువుగానీ. ముందు ఆ కోటు ఒకసారి మాస్టారికి చూపించు."

కాగితం సంచిలో పెట్టుకునే వెళ్లింది. కొట్లో కోటు తొడుక్కుని తల దించుకుని నిలబడింది. మాస్టారు ఆమె వంక చూడనే లేదు. కోటు అంచు పట్టుకుని దాన్ని చీవాట్లు పెట్టారు.

"ఏమే, నాలుగు రోజులు పని లేకపోతే ఇలా ముడుచుకుపోతావా? గాలి తగలకపోతే గుడ్డ ఇంతేనమ్మా, కుంచించుకుపోతుంది. అరగంట కూర్చో."

అస్తరు విప్పారు. అటూ ఇటూ లోపల రెండేసి వేళ్ల గుడ్డ, ఆరేళ్ల కిందట దాచింది దాచినట్టే ఉంది. ఆమెకు సగం బరువు దిగింది. అవును, గుడ్డదే తప్పు.

ఆ అరగంటలోనే పోస్టుమేన్ వచ్చాడు. ఆ జబ్బుతో నలభై రోజులు ఆసుపత్రిలో ఉండి బయటపడ్డ మనిషి. చొక్కా భుజాల మీంచి జారుతోంది, కాలర్లో మెడ ఎక్కడుందో వెతుక్కోవాలి. మాస్టారు టేపు తీస్తూనే చొక్కా మీద విరుచుకుపడ్డారు.

"చూశావా, ఎంత సాగిపోయిందో. నెలల తరబడి కొక్కేనికి వేలాడితే గుడ్డ సాగదూ మరి? రెండు పక్కలా కుట్టు పట్టేస్తే సరిపోతుంది. నాకు తెలియని గుడ్డా ఇది?"

పోస్టుమేన్ కాలర్ తడుముకుని, "అదేనంటారా మాస్టారూ?" అని నవ్వాడు. వచ్చినప్పటికంటే నిటారుగా వెళ్లాడు.

అతను మెట్లు దిగాక రిసెప్షనిస్టు అడిగింది. "మాస్టారూ, వాడకుండా ఉంచితే గుడ్డ కుంచించుకుపోతుందా, సాగుతుందా?"

మాస్టారి సూది ఆగింది.

"చూడమ్మా, అందరం ఏదో పడి లేచి వచ్చాం. మనుషుల్ని ఇప్పుడేమంటాం? గుడ్డనైతే ఎన్నన్నా పడి ఉంటుంది."

ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, వెంటనే నవ్వూ వచ్చింది. పదహారు నెలల్లో పరాయి మనిషి ముందు నవ్వడం అదే మొదలు.

పోస్టుమేన్ కొలతలు మర్చిపోయేలోగా రాసుకోవాలని మాస్టారు పుస్తకం తీశారు. అందరి కొలతలూ మారి, పుస్తకం ఎప్పుడో నిండిపోయింది. సంచిలోంచి తొంగి చూస్తున్న కాగితం ఆయన కంటపడింది.

"అది పనికొచ్చేదా అమ్మా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "కాదులెండి మాస్టారూ. వెనకంతా ఖాళీయే, రాసుకోండి."

రాజీనామా వెనక పోస్టుమేన్ ఛాతీ, భుజం, మెడ కొలతలు ఎక్కాయి.

సోమవారం ఉదయం గుండీలన్నీ పెట్టుకుని ఆమె తన కుర్చీలో కూర్చుంది. కాసేపటికి పళ్ల డాక్టరు లోపలికి వచ్చాడు. తెల్లకోటు రెండు అంచుల్నీ చేత్తో పట్టుకుని దగ్గరకు లాక్కుంటున్నాడు, కలవడం లేదు. ఆమె వంక బిడియంగా చూశాడు.

ఆమె రిజిస్టరు తెరుస్తూ, నవ్వకుండా అంది.

"గాలి తగలకపోతే గుడ్డ అంతేనండీ, కుంచించుకుపోతుంది. మా వీధిలో ఒక మాస్టారున్నారు, అడ్రసు రాసిస్తాను."