పరుపుబండ దగ్గర తగ్గిన నీళ్లు

దయ్యాలు, గాలి సోకడాలు, దిష్టి బొమ్మలు: వీటిలో ఒక్కటీ నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, డెబ్భై దాటిన ఈ వయసులోనూ నమ్మను. నిజామాబాద్‌లో మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగాను. నర్సుగా చదివాను. జ్వరమొస్తే థర్మామీటరు పెట్టాలి, బిడ్డ పుడితే తూకం వేయాలి అని నేర్పారు. కొలవగలిగినదే నాకు నిజం. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయబోయేది కూడా కొలిచి చూసిన సంగతే.

పంతొమ్మిది వందల అరవైల్లో నన్ను రెంజల్ దగ్గర ఒక పల్లెకు మంత్రసాని నర్సుగా వేశారు. ఊరి పేరు ఎందుకులెండి. చుట్టూ చెరకు తోటలు, వాటి అవతల నల్లరేగడి. నా పరిధిలో ఏడు ఊళ్లు ఉండేవి. అన్నిటికీ కాలినడకే. పురుడు సామాను సంచీయే పన్నెండు పౌన్లు తూగేది. దాని మీద తాగే నీళ్లు మోయాలి. అప్పటి ఎండల్లో నీళ్లు లేకుండా బయలుదేరితే పురుడు పోసేది ఎవరు, పడిపోయిన నర్సును లేపేది ఎవరు?

మొదటి నెల మా అమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబు మోశాను. ఖాళీదే పౌనున్నర. నాతో వచ్చే పోశవ్వ అది చూసి నవ్వింది. పోశవ్వ ఆ ఊరి మంత్రసాని. యాభై ఏళ్లుంటాయి. నేను రాకముందు ఆ ఏడు ఊళ్ల పిల్లలూ ఆమె చేతుల్లోనే పుట్టారు. నేను వచ్చాక నాతో కలిసి పనిచేసింది. ఒక్క రోజు కూడా నన్ను పోటీగా చూడలేదు.

ఆమె నాకు నీళ్లు మోసే ఆనిగెపుకాయ బుర్ర, అంటే సొరకాయ బుర్ర, చేయడం నేర్పింది. కాయను తీగ మీదే ఎండనిచ్చి, మెడ దగ్గర కోసి, లోపల ఇసుక, గులకరాళ్లు వేసి గలగలా ఆడించి గింజలు, పీచు రాల్చాలి. తర్వాత పది రోజులు నీళ్లు మార్చి మార్చి నానబెడితే చేదు పోతుంది. పైన ఆముదం రాయాలి. తయారైన బుర్ర ఖాళీగా పది ఔన్సులు కూడా లేదు. నింపితే ఐదు పౌన్లు. దానికి జనపనార వల అల్లి, తాడు భుజం మీదుగా ఏటవాలుగా వేసుకుంటే చేతులు ఖాళీ. వల మీద తడి గోనెగుడ్డ చుడితే నీళ్లు చల్లగా ఉంటాయి. మెడదాకా నింపితే కుదుపుకు తుళ్లవు. సగమే ఉంటే రెండు మోదుగాకులు లోపల వేస్తే తుళ్లడం తగ్గుతుంది.

అన్నిటికన్నా మంచి ఉపాయం మాత్రం వేరే. బయలుదేరే ముందు ఇంటి కుండలో నీళ్లు కడుపు నిండా తాగాలి. "కడుపే మొదటి బుర్ర, సిస్టరమ్మ. అది నింపినంక రెండోది భుజానికి ఎయ్యాలె" అనేది పోశవ్వ. దారిలో సాధ్యమైనంతవరకు మా బుర్ర మేము ముట్టేవాళ్లం కాదు. అది పురిటి మనిషి కోసం. చెరకు కొట్టేవాళ్ల గుడిసెల దగ్గర పీపాల్లో తెచ్చిన నీళ్లు ఎప్పుడు నింపినవో ఎవరికీ తెలియదు. అందుకే కాన్పైన తల్లికి మొదటి గుక్క నా బుర్రలోంచే ఇచ్చేదాన్ని.

ఆ గుడిసెలు మా ఊరికి కోసున్నర, అంటే మూడు మైళ్ల దూరం. మరాఠీ కూలీలు చెరకు కోతకు పెళ్లాం పిల్లలతో వచ్చి, నాలుగైదు నెలలు అక్కడే ఉండేవాళ్లు. దారి సగంలో రేగడి మధ్య ఒక పరుపుబండ ఉంది. పది మంది పడుకునేంత వెడల్పు, మోకాలెత్తు. చుట్టూ ఏ చెట్టూ లేదు. మేము దాని పక్కగా నడిచి పోయేవాళ్లం.

నీళ్లు తగ్గుతున్నాయని నాకు తెలిసింది అనుకోకుండానే. ఒకసారి గుడిసెల దగ్గర ఔన్సు గ్లాసుతో కొలిచి మందు కలుపుతుంటే, బుర్రలో ఉండాల్సినన్ని లేవనిపించింది. ఎక్కడో కారుతోందనుకున్నాను. ఇంటికొచ్చి నింపి రాత్రంతా తెల్ల కాగితం మీద నిలబెట్టాను. కాగితం తడవలేదు.

తర్వాతిసారి తూకం వేశాను. పసిపిల్లల్ని గుడ్డలో వేసి తగిలించే స్ప్రింగు తక్కెడ నా సంచిలో ఎప్పుడూ ఉండేది. బండకు కాస్త ముందు ఆగి తూచాను. బండ దాటాక మళ్లీ తూచాను. అరపౌను తక్కువ. ఒక గ్లాసు నీళ్లు. బిరడా బిగించే ఉంది. దాని మీద నేను కట్టిన ముడి అలాగే ఉంది. గోనెగుడ్డ ఆ రోజు తడపలేదు, పొడిగానే ఉంది.

ఎండకు స్ప్రింగు సాగిందేమో అనుకున్నాను. మందుల డబ్బాను అదే చోట అటూ ఇటూ తూచాను. దాని బరువు మారలేదు. బుర్రకే ఏదో జబ్బు అనుకుని సెలైన్ గాజు సీసాలో నీళ్లు పోసి రబ్బరు బిరడా బిగించి తీసుకెళ్లాను. గాజు మోయడం నాకు పరమ చిరాకు, అయినా మోశాను. దానిలోనూ సరిగ్గా అరపౌను తగ్గింది. చుట్టూ తిరిగి బండ్లబాటన పోతే మాత్రం ఒక్క ఔన్సు తగ్గలేదు. ఇలా ఆ సీజన్‌లో ఐదుసార్లు చూశాను.

నేను భయపడలేదు. విసుక్కున్నాను. ఏదో కారణం ఉంటుంది, నాకు అందడం లేదు, అంతే. పోశవ్వ మాత్రం విసుక్కోలేదు.

"గాడ దూపగొన్నోళ్లెవరో ఉన్నరు. ఇంత తాగిపోనీ. మనకేం తక్కువైతది?" అంది.

అక్కడ ఎవరైనా చచ్చిపోయారా అని ఊళ్లో అడిగాను. పట్వారీని అడిగాను, ముసలివాళ్లను అడిగాను. ఎవరికీ ఏమీ తెలియదు. కథలు పుట్టించడంలో మా ఊరు తక్కువ తినలేదు. కానీ ఆ బండకు మాత్రం ఒక్క కథ లేదు.

చెరకు కోతలు ముగింపుకొచ్చిన రోజులు. పొద్దున పది గంటలకు గుడిసెల నుంచి ఒకాయన చెమటలు కారుతూ వచ్చాడు. పెళ్లానికి తెల్లవారుజాము నుంచి నొప్పులట, మొదటి కాన్పట. లవ్‌కర్ చలా బాయీ, లవ్‌కర్ అంటున్నాడు. తొందరగా రమ్మని. మీరు ముందు వెళ్లి నీళ్లు మరగబెట్టించండి అని అతన్ని పంపేశాను.

నేనూ పోశవ్వా ఇంటి కుండలో ముందురోజు నింపిన నీళ్లు కడుపు నిండా తాగాం. బుర్ర నింపడానికి దారిలోనే ఉన్న తోటబావి దగ్గర ఆగాం. అక్కడ జీతమున్న మల్లయ్య తాత మమ్మల్ని చూడగానే చేద వేశాడు. ఎప్పుడు వెళ్లినా ఆయనే నింపేవాడు, మమ్మల్ని తాడు పట్టనిచ్చేవాడు కాదు.

"సల్లగున్నయ్ బిడ్డా. గా పోరికి తాపు" అన్నాడు. మిగిలిన నీళ్లు దోసిట్లో పోసుకుని తాను తాగాడు. కాస్త కిరసనాయిలు వాసన వచ్చినట్టుంది. నీళ్లు తోడే ఇంజను పక్కనే ఉంది కదా అనుకున్నాను. అసలు అనుకున్నానో, తర్వాత నా మనసు కల్పించుకుందో ఇప్పుడు చెప్పలేను.

బుర్ర పోశవ్వ భుజానికి వేసుకుంది, సంచి నేను పట్టుకున్నాను. మిట్టమధ్యాహ్నం కాకముందే రేగడి కాలుతోంది. తొందరలో తూకం మాటే గుర్తులేదు. బండ దాకా వస్తూ పోశవ్వ రెండుసార్లు తాడు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకోవడం నేను చూశాను. తాడు ఒరిసిన గీత ఆమె మెడ పక్కన ఎర్రగా ఉంది. అంటే బుర్ర నిండుగానే ఉందన్నమాట.

బండ దాటి ఇరవై అడుగులు వేశామో లేదో, పోశవ్వ నిలబడిపోయింది.

"సిస్టరమ్మా, బుర్ర అల్కగైంది."

చేతికి తీసుకున్నాను. గాలికి ఊగుతోంది. ముడి చూశాను. నేను బావి దగ్గర కట్టిన ముడే, రక్తనాళాలు కట్టేటప్పుడు వేసే రెండు చుట్ల ముడి, ఊళ్లో ఇంకెవరికీ రాదు. విప్పి బిరడా తీసి బోర్లించాను. ఒక్క చుక్క పడలేదు. వేలు పెట్టి చూశాను. లోపల తడి కూడా లేదు. పది నిమిషాల క్రితందాకా నీళ్లున్న బుర్రలో, కిందటేడు అటక మీద పెట్టి మరిచిపోయినదానిలా పొడి దుమ్ము నా వేలికి అంటింది. వెనక్కి తిరిగి దారి చూశాను. నేల మీద తడి లేదు. పోశవ్వ చీర మీదా లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. నిజం చెప్పాలంటే భయం కాదు, కోపం. అక్కడ ఒక ఆడమనిషి నొప్పులు పడుతోంది, చేతిలో మంచినీళ్లు లేవు. పోశవ్వ బండ వైపు తిరిగి, "అరె, అంతనా?" అని మెల్లగా అంది. అలిగినట్టు అంది, తిట్టినట్టు కాదు. ఇద్దరం గబగబా నడిచాం.

మేము వెళ్లిన గంటకు ఆడపిల్ల పుట్టింది. ఆరు పౌన్లు. తల్లి పదిహేడేళ్లది. పెదవులు పగిలిపోయి, పాణీ పాణీ అని నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ బుర్ర ఎత్తి పోసేదాన్ని. ఆ రోజు ఆమెను ఆపి, మరిగించిన పీపా నీళ్లు గిన్నెలు మార్చి మార్చి చల్లార్చి, చెంచాతో తాగించాల్సి వచ్చింది. అంతసేపూ ఆమె నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేదు. లోపల్లోపల ఆ బండను తిట్టుకుంటూనే ఉన్నాను.

తల్లీ బిడ్డా బాగున్నారని నిశ్చయించుకుని, నాలుగింటికి వాళ్ల ఎడ్లబండి మీద బండ్లబాటన తిరిగొచ్చాం. ఊరి బయటే జనం గుమిగూడి ఉన్నారు. బావి దగ్గర పనిచేసిన ఇద్దరు ఆడకూలీలు వాంతులు చేసుకుంటున్నారు. మల్లయ్య తాత వేపచెట్టు కింద పడుకుని ఉన్నాడు. చేతులూ కాళ్లూ విదిలించుకుంటున్నాడు. నోట్లో నురగ. దగ్గరికి వెళ్లగానే ఎండ్రిన్ వాసన గుప్పుమంది. లేత చెరకుకు పురుగుమందు కొట్టే రోజులవి.

నాకు చేతనైనంత చేశాను. మేము వచ్చిన బండిలోనే ముగ్గురినీ బోధన్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆడవాళ్లిద్దరూ బతికారు. మల్లయ్య తాత దారిలోనే, నా ఒళ్లో తల పెట్టుకుని పోయాడు.

మర్నాడు బావిలోకి మనిషిని దింపారు. మూత ఊడిన మందు డబ్బా దొరికింది. ముందు రోజు సాయంత్రం మందు కలిపే కూలి చేతిలోంచి అది జారిపడిందట. తిడతారని భయపడి ఎవరికీ చెప్పలేదు. అతను పంచాయితీలో ఏడుస్తూ ఒప్పుకున్నాడు.

అంటే మా బుర్రలో మల్లయ్య తాత పోసింది ఆ నీళ్లే. బండ దాటేటప్పటికి అవి ఉంటే, నేను నా చేతులతో ఆ పదిహేడేళ్ల పిల్ల నోట్లో పోసేదాన్ని. అనుమానం కూడా వచ్చేది కాదు. తిరుగు దారిలో మేమూ తాగేవాళ్లం.

తర్వాత ఒక డాక్టరుగారికి ఇదంతా చెప్పాను. మంచి మనిషి. నవ్వకుండా విన్నాడు. తొందరలో బుర్ర నింపడం మరిచిపోయి ఉంటావమ్మా, ఎండలో మనసు అలాగే ఆడుతుంది అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇద్దరం చూస్తుండగా నింపారు. పోశవ్వ మెడ మీద తాడు గీత నేను చూశాను. నా వేలికి అంటిన దుమ్ము నాకు గుర్తుంది. ఐదు తూకాలు రాసిపెట్టిన కాగితం చాలా ఏళ్లు నా దగ్గరే ఉంది.

ఆ ఊళ్లో ఇంకో రెండేళ్లు పనిచేశాను. అదే దారిన, అదే బుర్రతో కనీసం ముప్పైసార్లు నడిచాను. వేరే బావి నీళ్లు నింపుకుని ప్రతిసారీ బండకు ముందూ వెనకా తూచాను. ఒక్క ఔన్సు తగ్గలేదు. పోశవ్వ ఒకసారి నాకు చెప్పకుండా చెంబెడు నీళ్లు ఆ బండ మీద పోసింది. ఎండకు అవి అన్ని నీళ్లలాగే ఆవిరైపోయాయి.

బదిలీ అయి వచ్చేసే ముందు ఆమెను అడిగాను. నా నమ్మకం సంగతి పక్కన పెట్టి, ఆమె నమ్మకం ప్రకారమే అడిగాను. మన బుర్ర ఖాళీ చేసినోళ్లు మల్లయ్య తాత దోసిలి ఎందుకు ఖాళీ చేయలేదు పోశవ్వా?

ఆమె చీర కొంగుతో ముఖం తుడుచుకుంది.

"గది నాకు సుత తెల్వది బిడ్డా" అంది. "తెలిస్తే నేనే పోయి కొట్లాడేదాన్ని."

ఎవరైనా ఆ నీళ్లు ఎలా పోయాయని అడిగితే నాకు తెలియదని ధైర్యంగానే చెబుతాను. తెలియనివి చాలా ఉన్నాయి, నర్సుకు అది సిగ్గుపడాల్సిన సంగతి కాదు. కానీ పోశవ్వను నేను అడిగిన ప్రశ్న మాత్రం అలా పక్కన పెట్టలేకపోతున్నాను. ఆ పొద్దున తాత తాగిన నీళ్లు మూడు దోసిళ్లు. నేను పక్కనే నిలబడి చూశాను.